‘నాలుగో రోజుకే తగ్గిపోయింది సార్’: అల్సర్ కిట్ మీద అపోహలు - వాస్తవాలు

నేను ఫార్మసిస్టుని. కడుపు డాక్టర్లు కూర్చునే ఆసుపత్రిలో మందుల కౌంటర్ నాది. చీటీలో హెచ్. పైలోరి కిట్, అంటే కడుపు పుండుకి గ్యాస్ మాత్ర, రెండు రకాల యాంటీబయాటిక్‌లు కలిపి ఇచ్చే డబ్బా, కనబడిందంటే ఆ మనిషిని వెంటనే పంపేయను, రెండు నిమిషాలు పక్కన నిలబెడతాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, అయినా సరే. ఇది జ్వరం బిళ్లలా చేతిలో పెట్టి పంపే మందు కాదు. రోజుకి ఆరు మాత్రలు, మామూలుగా రెండు వారాలు, నోరంతా చేదు. ఎందుకు మింగుతున్నామో తెలియకపోతే ఐదో రోజుకి ఆ డబ్బా ఫ్రిజ్ మీదికి చేరిపోతుంది.

ఆ రెండు నిమిషాల్లో నాకు తరచూ వినబడే మాటలివి.

అపోహ: కారం, పచ్చళ్లు తినీ తినీ కడుపులో పుండు పడింది.

వాస్తవం: గుంటూరు మిరపకాయ మోసినన్ని నిందలు ఇంకే పంటా మోసి ఉండదు. పుండు ఉన్నప్పుడు కారం తింటే మంట పెరగొచ్చు, అంతవరకు నిజమే. పుండు పుట్టించేవి మాత్రం ముఖ్యంగా రెండు. ఒకటి హెచ్. పైలోరి అనే బ్యాక్టీరియా. రెండోది మోకాళ్లకీ నడుముకీ రోజుల తరబడి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి బిళ్లలు.

ఒకప్పుడు డాక్టర్లు కూడా టెన్షన్ వల్ల, యాసిడ్ వల్ల అనే అనుకునేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు కడుపు లోపలి నుంచి తీసిన ముక్కల్లో ఈ వంకర బ్యాక్టీరియాని చూశారు కానీ, ల్యాబ్‌లో ఎంత ప్రయత్నించినా అది పెరగలేదు. బ్యాక్టీరియాని పెంచే ప్లేట్లని రెండు రోజులు చూసి పారేసేవారు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి ఆ ప్లేట్లు ఐదారు రోజులు అలాగే ఉండిపోయాయి, తిరిగొచ్చి చూస్తే బ్యాక్టీరియా పెరిగి ఉంది. అయినా చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు, కడుపు గోడకి వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్లేట్ల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అపోహ: గ్యాస్ టాబ్లెట్‌తోనే తగ్గుతోంది కదా, యాంటీబయాటిక్‌లు ఎందుకు?

వాస్తవం: తగ్గుతుంది. పుండు మానుతుంది కూడా. మాత్ర ఆపేశాక కొన్ని నెలలకి మళ్లీ తిరగబెట్టొచ్చు, ఎందుకంటే బ్యాక్టీరియా ఎక్కడిదక్కడే ఉంది.

అలాంటప్పుడు కిట్‌లో గ్యాస్ టాబ్లెట్ ఎందుకు పెట్టారని తెలివైనవాళ్లు అడుగుతారు. నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. ఈ బ్యాక్టీరియా కడుపు గోడ మీది జిగురు పొరలో దూరి కూర్చుంటుంది. యూరియాని అమోనియాగా మార్చి, తన చుట్టూ యాసిడ్ సోకకుండా చూసుకుంటుంది. మనం పంపే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి ఆ రక్షణ లేదు, గాఢమైన యాసిడ్‌లో పాడైపోతుంది. ఇంకో యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్‌ది ఇంకో ఇబ్బంది. పెరుగుతూ, రెండుగా విడిపోతూ ఉన్న బ్యాక్టీరియానే అది చంపగలదు. యాసిడ్ ఎక్కువగా ఉన్నంతసేపూ ఇవి ఎదుగుదల తగ్గించుకుని ముడుచుకుంటాయి. పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్రతో యాసిడ్ తగ్గించగానే మళ్లీ పెరగడం మొదలుపెడతాయి, అప్పుడు అమాక్సిసిలిన్‌కి దొరుకుతాయి. కలుగులో పొగ పెట్టి ఎలుకని బయటికి రప్పించడం లాంటిదే ఇదీ. అందుకే మామూలుగా రోజుకొకటి వేసుకునే గ్యాస్ మాత్ర ఇక్కడ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇది మరిచిపోయి యాంటీబయాటిక్‌లు మాత్రం శ్రద్ధగా మింగేవాళ్లు ఉంటారు. సగం పని అక్కడే చెడుతుంది.

అపోహ: మూడూ ఒకే షీటులో ఉన్నాయంటే మూడూ ఒకేసారి మింగాలి.

వాస్తవం: షీటు అలా ఉన్నది లెక్క తప్పకుండా ఉండటానికి. గ్యాస్ మాత్ర తిండికి అరగంట ముందు, యాంటీబయాటిక్‌లు తిన్నాక. పొద్దున పరగడుపున ఒకటి, టిఫిన్ అయ్యాక రెండు. రాత్రి కూడా అంతే.

అపోహ: నొప్పి పోయింది, ఇక కోర్సు ఆపేయొచ్చు.

వాస్తవం: దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఒకావిడ, అరవై దాటి ఉంటాయి, ప్లాస్టిక్ కవర్లో సగం వాడిన కిట్ పట్టుకుని వచ్చింది. “నాయనా, ఈ మందులు మిగిలే ఉన్నాయి. నొప్పి మళ్లీ మొదలైంది, ఇవే వేసుకోనా?” అంది. తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటి బిల్లు. నాలుగు రోజులవి ఖాళీ, మిగతావి అలాగే ఉన్నాయి. “ఎందుకాపావు పెద్దమ్మా?” అంటే, “నాలుగో రోజుకే తగ్గిపోయింది, పైగా ఒళ్లంతా వేడి చేసింది” అంది. ఆమె తప్పేమీ లేదు. కిట్ ఇచ్చినవాళ్లు ఎవరూ చెప్పలేదు.

నొప్పి తగ్గించింది గ్యాస్ మాత్ర. యాసిడ్ తగ్గగానే మంట తగ్గుతుంది, దానికి మూడు నాలుగు రోజులు చాలు. బ్యాక్టీరియాకి ఆ నాలుగు రోజులు చాలవు. పెర్త్ ప్లేట్లలో రెండు రోజులకి కంటికి కూడా కనబడనంత నిదానంగా పెరిగేది నాలుగు రోజుల్లో పూర్తిగా పోతుందా? బలహీనమైనవి చస్తాయి, మందుకి తట్టుకోగలిగినవి మిగిలి, అవే పెరుగుతాయి. రెండోసారి అదే మందు ఇస్తే పనిచేయదు.

అందుకే మొదటిసారి విఫలమైతే, క్లారిత్రోమైసిన్ ఉన్న అదే కిట్‌ని మళ్లీ రాయకూడదు. మిగిలిన మాత్రలు ఏరుకుని వేసుకోవడం ఇంకా పొరపాటు. మందు మార్చాలి. సాధారణంగా బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, వాటితో పాటు యాసిడ్ తగ్గించే మాత్ర, మొత్తం నాలుగు కలిపి రాస్తారు. మందులకి లొంగని రకాలు పెరిగిపోవడంతో ఇప్పుడు చాలామంది డాక్టర్లు మొదటిసారే ఈ నాలుగు మందుల కోర్సు మొదలుపెడుతున్నారు. అది కూడా పద్నాలుగు రోజులే.

అపోహ: కిట్ అంటే కిట్టే, ఏ కంపెనీదైనా ఒకటే.

వాస్తవం: కాదు. ఒక కిట్‌లో అమాక్సిసిలిన్‌తో టినిడజోల్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఉంటుంది, ఇంకోదాంట్లో క్లారిత్రోమైసిన్ ఉంటుంది, మరోదాంట్లో అమాక్సిసిలినే ఉండదు. పేర్లు మాత్రం కవల పిల్లల్లా ఉంటాయి. “అది లేదు, ఇది తీసుకోండి” అని షాపులో అంటే డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసినవి చీటీతో సరిచూసుకోండి. ఇంకో సంగతి. చాలా డబ్బాల్లో ఉండేది ఏడు రోజుల మందే. డాక్టర్ పద్నాలుగు రోజులు రాస్తే రెండు డబ్బాలు కావాలి. ఒకటే కొనుక్కెళ్లి “కోర్సు అయిపోయింది” అనుకునేవాళ్లు నేను చూసినవాళ్లలోనే బోలెడుమంది.

అపోహ: షుగర్, బీపీ, గుండె మాత్రలకీ దీనికీ సంబంధం లేదు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదమైన నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. క్లారిత్రోమైసిన్ ఉన్న కిట్ వాడేటప్పుడు కొలెస్ట్రాల్‌కి వేసుకునే సిమ్వాస్టాటిన్ అసలు వేసుకోకూడదు. అటోర్వాస్టాటిన్ అయితే డాక్టర్ డోసు తగ్గించడమో, కొన్నాళ్లు ఆపమనడమో చేస్తారు. లేకపోతే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తస్రావం భయం ఉంటుంది. గుండె కొట్టుకోవడంలో తేడా ఉన్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. మీరు వాడే మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకురండి, పేర్లు గుర్తులేకపోయినా పర్వాలేదు. అలాగని గుండె కోసం రాసిన ఆస్పిరిన్‌ని అల్సర్ భయంతో మీ అంతట మీరు ఆపేయకండి, అది డాక్టర్ తేల్చాల్సిన విషయం.

అమాక్సిసిలిన్ అంటే పెన్సిలిన్ జాతి మందు. “చిన్నప్పుడు పెన్సిలిన్ ఇంజక్షన్ పడలేదు” అనే మాట డాక్టర్‌కి చెప్పకుండా నాకు చెప్పేవాళ్లున్నారు. అప్పుడు కిట్ ఇవ్వకుండా మళ్లీ డాక్టర్ గదికి పంపుతాను. గర్భిణులకి చాలావరకు ఈ చికిత్సని కాన్పు అయ్యేదాకా వాయిదా వేస్తారు. టెట్రాసైక్లిన్ వాళ్లకీ చిన్న పిల్లలకీ పనికిరాదు.

మద్యం తాగేవాళ్లకి ఒక ముక్క: టినిడజోల్ వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో మూడు రోజులూ చుక్క ముట్టకూడదు. వాంతులు, గుండె దడ రావొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌తో కూడా రావొచ్చు.

అపోహ: నోరు చేదెక్కింది, విరేచనం నల్లగా వచ్చింది, మందు పడలేదు.

వాస్తవం: నోట్లో ఇనుము నాకినట్టు రుచి రావడం, మూత్రం రంగు ముదరడం, రెండు మూడు సార్లు పలచగా విరేచనం కావడం మామూలే. మజ్జిగ తాగండి, మంచిదే. కానీ టెట్రాసైక్లిన్ కోర్సులో ఉంటే మాత్ర వేసుకునే పూట పాలు, పెరుగు, యాంటాసిడ్ సిరప్ దూరంగా పెట్టండి. అవి మందుని ఒంటికి పట్టనివ్వవు.

బిస్మత్ వాడితే విరేచనం, నాలుక నల్లబడతాయి, ఆపగానే పోతాయి. బిస్మత్ లేకుండానే తారులా జిగటగా, భరించలేని వాసనతో నల్లగా వస్తే, లేదా దానికి నీరసం, కళ్లు తిరగడం తోడైతే, అది పుండులోంచి రక్తం పోతున్న గుర్తు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చినా మాత్రలు ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: పైలోరి ఉందంటే క్యాన్సర్ వచ్చేసినట్టే.

వాస్తవం: 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది, అందుకే ఉన్నదని తేలితే వైద్యం చేస్తారు. అయితే ఈ బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో పుండు కూడా పడదు. ఇంటర్నెట్‌లో చదివి రాత్రుళ్లు నిద్రపోనివాళ్లకి ఇంతకంటే చెప్పను.

అపోహ: కోర్సు పూర్తిచేశాను, నొప్పి లేదు, ఇక పరీక్ష దేనికి?

వాస్తవం: నొప్పి సాక్ష్యం చెల్లదని పైనే చూశాం. బ్యాక్టీరియా పోయిందో లేదో శ్వాస పరీక్షతో గానీ, మలంలో యాంటిజెన్ పరీక్షతో గానీ తెలుస్తుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇందుకు పనికిరాదు, బ్యాక్టీరియా చచ్చాక కూడా అది నెలల తరబడి పాజిటివ్ అనే చూపిస్తుంది. దాన్ని చూసి మళ్లీ కిట్ వాడినవాళ్లు నాకు తెలుసు.

పరీక్షకి కూడా సమయం ఉంది. చివరి యాంటీబయాటిక్ మింగాక కనీసం నాలుగు వారాలు ఆగాలి. పరీక్షకి ముందు రెండు వారాలు గ్యాస్ టాబ్లెట్ ఆపాలి, లేకపోతే ఉన్న బ్యాక్టీరియా కూడా లేనట్టు చూపించొచ్చు. గతంలో రక్తం పోయినవాళ్లు దాన్ని ఆపే ముందు డాక్టర్‌ని అడగాలి. ఇన్ని లెక్కలు ఎవరికి గుర్తుంటాయి? అందుకే కిట్ ఇచ్చేటప్పుడు స్కెచ్ పెన్నుతో రెండో డబ్బా మూత మీద రెండు తేదీలు రాసిస్తాను: చివరి మాత్ర ఏ రోజు, పరీక్ష ఏ రోజు తర్వాత. ఆ పెద్దమ్మ రెండోసారి నాలుగు మందుల కోర్సు వాడి, ఆ మూత ముక్క కత్తిరించి బ్యాంకు పాస్‌బుక్కులో పెట్టుకుని మరీ పరీక్షకి వచ్చింది.