బంధుత్వం ఎన్ని మెట్ల దాకా? వారసత్వ నిషేధం ఆగిపోయే చోటు

2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి, ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్‌రెడ్డి చనిపోయారు. జూన్‌లో జరిగిన ఆత్మకూరు ఉప ఎన్నికలో తమ్ముడు విక్రమ్‌రెడ్డి 82,888 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అప్పటికి పక్కనే ఉన్న ఉదయగిరికి ఎమ్మెల్యే వాళ్ల బాబాయి చంద్రశేఖర్‌రెడ్డి. వారసత్వ రాజకీయాలను చట్టంతో ఆపాలనేవాళ్లు తమ ముసాయిదాను ముందు ఈ ఎన్నికకు పెట్టి చూడాలి.

ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం రాజకీయ వంశాలను నిషేధించాలనే చెప్పింది. కానీ ‘చట్టం నిర్వచించిన ప్రకారం’ అన్న మాట చివర చేర్చింది. ఆ నిర్వచనం రాయాల్సింది కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు. అక్కడి సభ్యుల్లో చాలామంది ఆ వంశాలవాళ్లే. దశాబ్దాల పాటు బిల్లులు పెట్టడమే తప్ప అందరికీ వర్తించే చట్టం రాలేదు. 2016లో వచ్చింది గ్రామస్థాయి యువజన మండళ్లకు మాత్రమే: ఆ ప్రాంతపు ప్రజాప్రతినిధులకు రెండో మెట్టు లోపు బంధువులు పోటీ చేయరాదు.

మెట్ల లెక్క ఇలా. తల్లిదండ్రులు, పిల్లలు ఒకటో మెట్టు. తోబుట్టువులు, తాతా మనవళ్లు రెండు. బాబాయి, మేనమామ మూడు. వాళ్ల పిల్లలు నాలుగు. రెండు మెట్ల చట్టమైతే, అదీ ఏకకాలంలో పదవుల్లో ఉండటాన్నే ఆపేదైతే, ఆత్మకూరులో విక్రమ్‌రెడ్డికి అడ్డు లేదు. బాబాయి మూడో మెట్టు కదా. ఒకరి స్థానంలో ఇంకొకరు రావడాన్నీ ఆపితే అన్న సీటు తమ్ముడికి రాదు. మన మేనరికాలతో చిక్కు ఇంకా ముదురుతుంది: మేనమామ కొడుకు రక్తసంబంధంలో నాలుగో మెట్టు, అతనే చెల్లెల్ని చేసుకుంటే వివాహబంధంలో రెండో మెట్టు.

ఒంగోలు ఎంపీగా 1991లో గెలిచిన మాగుంట సుబ్బరామిరెడ్డిని 1995లో నక్సలైట్లు చంపారు. 1996లో భార్య పార్వతమ్మ, 1998లో తమ్ముడు శ్రీనివాసులురెడ్డి గెలిచారు. హత్యకు గురైన మనిషి భార్యను ఆపే చట్టాన్ని జనం ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. మినహాయింపు చనిపోయినవారి మిగిలిన పదవీకాలానికే పరిమితం చేస్తే సరిపోతుంది.

2024లో కోవూరులో మాజీ మంత్రి నల్లపరెడ్డి శ్రీనివాసులురెడ్డి కుమారుడు ప్రసన్నకుమార్‌రెడ్డి ఓడారు. గెలిచిన వేమిరెడ్డి ప్రశాంతిరెడ్డి భర్త ప్రభాకర్‌రెడ్డి అదే రోజు నెల్లూరు ఎంపీ అయ్యారు. నామినేషన్ల నాటికి భార్యాభర్తలిద్దరూ అభ్యర్థులే. ఎవరిది తిరస్కరించాలి? చట్టం ముందే చెప్పకపోతే రిటర్నింగ్ అధికారి చేతిలో ఏమీ ఉండదు.

మన దగ్గర ఇందుకు రాజ్యాంగ సవరణే కావాలని లేదు. ఎమ్మెల్యేలకు కొత్త అనర్హతను 191(1)(ఇ) అధికరణ కింద పార్లమెంటు మామూలు చట్టంతో తేవచ్చు. పంచాయతీలకు 243-ఎఫ్ కింద శాసనసభే తేవచ్చు. హర్యానా పంచాయతీల ఇద్దరు పిల్లల నిబంధనను 2003లో, చదువు అర్హతను 2015లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే ఆ షరతులు పెట్టిన శాసనసభ్యులకు అవి వర్తించలేదు, పంచాయతీ ప్రతినిధులకే. ఫిలిప్పీన్స్‌లో జరిగిందీ ఇదే. చట్టం చేసేవాళ్లు దాన్ని తమ కింది స్థాయి పదవుల దాకానే తెచ్చారు.

2022 మేలో ఉదయ్‌పూర్‌లో కాంగ్రెస్ పార్టీ ‘ఒక కుటుంబానికి ఒకే టికెట్’ అంది. ఐదేళ్లు పార్టీకి పనిచేసిన రెండో మనిషికి మినహాయింపు కూడా అక్కడే ఇచ్చింది.

ఇక నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో జీవిత భాగస్వామి, ఆధారపడినవారి ఆస్తులు అడుగుతారు. అన్నదమ్ములు, బాబాయిలు ఏ పదవుల్లో ఉన్నారో రాయడానికి గడే లేదు.