ప్రెయిరీ డాగ్‌లు గడ్డిని ఎందుకు కత్తిరిస్తాయి?

ఉత్తర అమెరికాలో రాకీ పర్వతాలకు తూర్పున, కెనడా దక్షిణపు అంచు నుంచి మెక్సికో ఉత్తర భాగం దాకా విశాలమైన గడ్డి మైదానాలు ఉన్నాయి. నల్లతోక ప్రెయిరీ డాగ్‌ల సొంత ఊరు అది. అరుపు కుక్కపిల్ల మొరుగులా ఉంటుందని ఆ పేరు వచ్చింది గానీ, ఇవి ఉడుతల కుటుంబానికి చెందిన జంతువులు. అడుగుకు కాస్త పైగా పొడవు, సుమారు కిలో బరువు. మొత్తం ఐదు జాతుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. టెక్సాస్, కొలరాడోలలో స్థిరపడిన మన తెలుగువాళ్లలో చాలామంది, లబక్ పార్కులోనో డెన్వర్ శివార్లలో రోడ్డు పక్కనో, వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి నలుదిక్కులా చూసే ఈ జీవిని చూసే ఉంటారు.

వీటి కాలనీలోకి అడుగుపెడితే మొదట కంటపడేది పొట్టి గడ్డి. చుట్టుపక్కల మోకాలెత్తు పెరిగే చోట కూడా, కాలనీలో గడ్డి నేలకు అంటుకున్నట్టే ఉంటుంది. తినే గడ్డిని తినడంతో ఆగకుండా, నోట పెట్టని పొడవాటి మొక్కలను సైతం మొదలంటా కొరికి పక్కన పడేస్తాయి. ఆకలితో సంబంధం లేని పని ఇది. పైనుంచి డేగ, కింద నక్కను పోలిన కొయోటి, నేల తవ్వి వేటాడే బ్యాడ్జర్ కాచుకుని ఉండే చోట కిలో బరువున్న ప్రాణి బతకాలంటే దూరం నుంచే శత్రువును పసిగట్టాలి. చూపుకు అడ్డం లేకుండా ఉండటానికే ఈ కోత. వాటి ఇల్లు, అరుపు, కాపురం అన్నీ ఈ అవసరం చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. చివరికి మనిషితో వైరం తెచ్చిపెట్టింది కూడా ఆ పొట్టి గడ్డే.

ముందు ఇంటి సంగతి. బొరియ సాధారణంగా రెండు మూడు మీటర్ల లోతు వెళుతుంది. లోపల పిల్లలను పెంచే గదులు, పైకి రాబోయే ముందు ఆగి చెవి ఒగ్గడానికి చిన్న గూడు ఉంటాయి. బొరియకు ఉండే రెండు ద్వారాల దగ్గరా మట్టి దిబ్బలు ఉంటాయి గానీ వాటి ఆకారం ఒకేలా ఉండదు. ఒకటి పల్లంగా, గుండ్రంగా ఉంటుంది. రెండోది అంచులు లేచిన గుంటలా ఎత్తుగా ఉంటుంది. వాన పడి నేల తడిసినప్పుడు ప్రెయిరీ డాగ్‌లు ఈ రెండో దిబ్బకు మట్టిని పోగుచేసి, ముక్కుతో నొక్కి గట్టిపరుస్తాయి. ఎండిన అంచు మీద వరసగా ముక్కు గుర్తులు కనిపిస్తాయి. వరద నీరు లోపలికి రాకుండా ఆపడానికి, ఎక్కి చూడటానికి దిబ్బ పనికొస్తుందని ఎవరైనా ఊహించగలరు. కానీ అది ఊపిరి కోసం కూడా. నేలకు దగ్గరగా గాలి మెల్లగా, పైకి వెళ్లే కొద్దీ వేగంగా వీస్తుంది. వేగంగా వీచే చోట పీడనం తగ్గుతుంది కాబట్టి, ఎత్తైన ద్వారం లోపలి గాలిని బయటికి లాగుతుంది, పల్లపు ద్వారం గుండా తాజా గాలి లోపలికి వస్తుంది. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ వోగెల్ బృందం 1973లో దీన్ని ప్రయోగాత్మకంగా చూపించింది. ఆకు కదలనంత మెల్లని గాలికి కూడా బొరియలోని గాలి పది నిమిషాలకోసారి మారిపోతుందని వారు లెక్కగట్టారు. విద్యుత్తు లేని వాయు ప్రసరణ ఇది! భౌతికశాస్త్ర పాఠంలో పీడనం గురించి చెప్పేటప్పుడు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ఇక అరుపు. శత్రువును చూసిన ప్రెయిరీ డాగ్ గట్టిగా మొరిగితే కాలనీ అంతా క్షణాల్లో బొరియలకు చేరుతుంది. ఉత్తర అరిజోనా విశ్వవిద్యాలయంలో కాన్ స్లొబొడ్చికాఫ్ మరో జాతి ప్రెయిరీ డాగ్‌ల అరుపులను ఏళ్ల తరబడి రికార్డు చేసి విశ్లేషించారు. డేగకు ఒక అరుపు, కొయోటికి మరొకటి, మనిషికి ఇంకొకటి ఉన్నాయని ఆయన చెప్పారు. ఒకే మనిషి వేర్వేరు రంగుల చొక్కాలతో నడిచినా అరుపులో తేడా కనిపించిందన్నారు. దీన్ని భాష అనవచ్చా అన్న చర్చ తెగలేదు. ఆ మాట వాడటానికి తొందరపడక్కర్లేదు గానీ, వినేవాళ్లకు పనికొచ్చే సమాచారం ఆ అరుపులో ఉందన్నది నిజం. నల్లతోక జాతిలో మరో వింత ఉంది. ఒకటి ముందు కాళ్లు పైకెత్తి, తల వెనక్కి వాల్చి ఎగిరి కూత పెడుతుంది. పక్కవి కూడా అందుకుంటాయి. ఆ కూతకు జవాబు బాగా వస్తే, మొదలుపెట్టినది కాపలా తగ్గించి మేతలో పడుతుందని మానిటోబా విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. అంటే ఇరుగుపొరుగు మెలకువగా ఉన్నారా అని వాకబు చేసుకోవడమన్నమాట.

ఇంత ఐకమత్యం చూసి వీటిని సాధుజీవులనుకోకూడదు. ఒక మగ, కొన్ని ఆడవి, పిల్లలు కలిసి ఒక కుటుంబం. ఎదురుపడినప్పుడు నోటికి నోరు ఆనించి ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. అదే కుటుంబంలో, పాలిచ్చే తల్లి పక్క బొరియలోని దగ్గరి బంధువు పిల్లలను చంపుతుంది. దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ నేషనల్ పార్కులో ఏళ్ల తరబడి కాలనీలను కనిపెట్టి చూసిన జాన్ హూగ్లాండ్ ఈ చేదు నిజాన్ని బయటపెట్టారు.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. పశువుల మేత తినేస్తున్నాయన్నది ప్రెయిరీ డాగ్‌ల మీద పాత నేరం. 256 ప్రెయిరీ డాగ్‌లు ఒక ఆవు మేత తింటాయని 1902లో అమెరికా వ్యవసాయ శాఖ కోసం సి. హార్ట్ మెరియమ్ రాశారు. ఆ తరువాత దశాబ్దాల పాటు ప్రభుత్వమే విషం కలిపిన గింజలు చల్లించింది. పంట భూములు, పట్టణాలు మరికొంత మింగాయి. ఒకప్పుడు ఇవి ఉన్న విస్తీర్ణంలో ఇప్పుడు మిగిలింది దాదాపు 2 శాతమేనని అంచనా. మేత విషయంలో రైతు మాటలో నిజం లేకపోలేదు, కరువు ఏడాదిలో లోటు తెలుస్తుంది. అయితే మెరియమ్ లెక్క గడ్డి ఎంతుందో చూసింది గానీ ఎలాంటిదో చూడలేదు. పదే పదే కొరికిన చోట వచ్చే లేత చిగురులో నత్రజని ఎక్కువ, అంటే పోషణ ఎక్కువ. అందుకే బైసన్ అనే అక్కడి అడవిదున్నలు కాలనీలనే వెతుక్కుంటూ వచ్చి మేస్తాయి. బొరియల్లో ఒక జాతి గుడ్లగూబలు గూళ్లు పెడతాయి. పొట్టి గడ్డిలో మౌంటెన్ ప్లోవర్ పక్షులు గుడ్లు పెడతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా వీటి మీద ఆధారపడింది నల్లకాళ్ల ఫెరెట్. ముంగిసను పోలిన ఈ వేటాడే జంతువు తిండిలో దాదాపు 90 శాతం ప్రెయిరీ డాగ్‌లే, పడుకునేది వాటి బొరియలోనే. అది అంతరించిపోయిందని అనుకుంటున్న రోజుల్లో, 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర ఒక పెంపుడు కుక్క చచ్చిన ఫెరెట్‌ను ఇంటికి తెచ్చింది. వెతికితే చిన్న గుంపు దొరికింది. అదీ రోగాలతో కుంగిపోతుంటే, 1987 నాటికి మిగిలిన 18 జంతువులను పట్టి సంరక్షణలో పిల్లలను పెట్టించారు. ఒక ఫెరెట్ నుంచి తీసి 1988లో శీతలీకరించి దాచిన కణాల నుంచి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే క్లోన్, అంటే దాని జన్యు నకలు, పుట్టింది.

పిల్లలను పుట్టించడం కుదిరింది. వాటిని వదలడానికి జీవమున్న కాలనీలు కావాలి. అక్కడే ప్లేగు అడ్డుపడుతోంది. 1896లో బొంబాయిని వణికించిన మహమ్మారే ఓడల్లో పయనించి 1900లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, ఆ తరువాత అడవి ఎలుకలు, ఉడుతల్లో పాతుకుపోయింది. ప్రెయిరీ డాగ్‌లకు దాన్ని తట్టుకునే శక్తి లేదు. ప్లేగు సోకిన కాలనీలో 90 శాతానికి పైగా చచ్చిపోతాయి. అందుకే బొచ్చులో దాగి రోగాన్ని మోసే రక్తం పీల్చే పురుగులను చంపడానికి ఒక్కో బొరియలో మందు పొడి కొడుతున్నారు. వేరుసెనగ వెన్న రుచి గల టీకా గుళికలనూ మైదానంలో చల్లి చూశారు. దక్షిణ డకోటాలోని కొనాటా బేసిన్‌లో 2008లో ప్లేగు వచ్చినప్పటి నుంచి ఇలా బొరియ బొరియకూ తిరిగి కాలనీలను నిలబెడుతున్నారు. అదే మైదానంలో, పొరుగు రైతుల భూములను ఆనుకుని ఉన్న సరిహద్దు పట్టీల్లో, ప్రెయిరీ డాగ్‌లు అటు దాటకుండా విషం పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.