రెండు అమైనో ఆమ్లాల తేడా

2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అల్జీమర్స్ నిర్ధారణకు తోడ్పడే మొదటి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. ఫుజిరెబియో కంపెనీ తయారుచేసిన ఆ పరీక్ష రక్తంలో రెండింటిని కొలుస్తుంది: పీ-టౌ217 (217వ చోట ఫాస్ఫేట్ అంటుకున్న టౌ అనే ప్రోటీన్), అమైలాయిడ్ బీటా 42 (మెదడులో గడ్డలు కట్టే ప్రోటీన్ ముక్క). వాటి నిష్పత్తిని బట్టి మెదడులో అమైలాయిడ్ పేరుకుందో లేదో అంచనా వేస్తారు. వార్తలన్నీ రక్తం చుట్టూనే తిరిగాయి. కానీ ఆ రెండింటినీ వెతికి పట్టుకునేవి యాంటీబాడీలు. వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోతే ఈ పరీక్షను ఎంతవరకు నమ్మాలో కూడా తెలియదు.

1906లో అలోయిస్ అల్జీమర్ జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఒక రోగి మెదడు గురించి వివరించినప్పుడు ఆయన చేతిలో ఉన్నది వెండి లవణాల రంగు. కణాల బయట గడ్డలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. రంగు ఆకారాన్ని చూపిస్తుంది తప్ప అది దేనితో తయారైందో చెప్పదు. ఆ సంగతి తేలడానికి దాదాపు 80 ఏళ్లు పట్టింది.

దారి చూపింది 1975లో కోలర్, మిల్‌స్టెయిన్ కేంబ్రిడ్జ్‌లో కనిపెట్టిన పద్ధతి. ఎలుక ప్లీహంలోని కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపితే, ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే కణం పుడుతుంది. 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అదే ఏడాది గ్లెన్నర్, వాంగ్ మెదడు రక్తనాళాల్లోంచి అమైలాయిడ్ బీటాను విడదీశారు. దాని అమైనో ఆమ్లాల (ప్రోటీన్ గొలుసులోని పూసల) వరుస తెలిశాక, ఆ ముక్కను ఎలుకలకు ఎక్కించి యాంటీబాడీలు పుట్టించడం మొదలైంది. 6ఈ10, 4జీ8 అనే పేర్లు అలా వచ్చినవే. ఇప్పటికీ పరిశోధనా పత్రాల్లో తరచూ కనిపిస్తాయి. 6ఈ10 ముక్క మొదటి భాగాన్ని పట్టుకుంటుంది, 4జీ8 మధ్య భాగాన్ని.

చిక్కు ఇక్కడే ఉంది. అమైలాయిడ్ బీటా అనేది ఏపీపీ అనే పెద్ద ప్రోటీన్‌లోంచి తెగిపడిన ముక్క. 6ఈ10 పట్టుకునే చోటు తల్లి ప్రోటీన్‌లోనూ ఉంటుంది. కాబట్టి రంగు తగిలించిన ఆ యాంటీబాడీ కణం లోపల మెరిసిందంటే, మెరిసింది ముక్కా, తల్లా అన్నది ఆ ఒక్క యాంటీబాడీతో తేలదు. ‘న్యూరాన్ లోపల అమైలాయిడ్ పేరుకుంది’ అని కేవలం దాని ఆధారంతో రాసిన పత్రం కనిపిస్తే, నేనైతే పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంటాను.

అందుకే ముక్క చివరను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీలు అవసరమయ్యాయి. అమైలాయిడ్ బీటాలో 40 అమైనో ఆమ్లాలది ఒకటి, 42ది ఒకటి. తేడా తోకలో రెండే. 1994లో జపాన్‌లో ఇవత్సుబో బృందం, 40 దగ్గర ఆగిన తోకకు ఒకటి, 42 దాకా వెళ్లిన తోకకు ఒకటి చొప్పున యాంటీబాడీలు వాడి, గడ్డల్లో ముందుగా చేరేది పొడుగుదేనని చూపించింది. ఆ మరుసటి ఏడాదే రోగుల వెన్నునీటిలో 42 తగ్గి, టౌ పెరుగుతోందని తేలింది. మెదడులో పేరుకుంటున్నది వెన్నునీటిలో తగ్గడం వింతగా అనిపిస్తుంది. గడ్డల్లో ఇరుక్కున్నది బయటికి రాదు మరి.

ఈ 42కు అంటుకునే గుణం ఎక్కువ. గాజు, పాలిస్టైరీన్ గొట్టాల గోడలకు కూడా పట్టేస్తుంది. నమూనాను ఒక గొట్టంలోంచి ఇంకోదాంట్లోకి మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది. అలా నాలుగుసార్లు మారిస్తే ఆరోగ్యవంతుడి వెన్నునీరు కూడా రోగి వెన్నునీరులా కనిపించవచ్చు. పాలీప్రొపిలీన్ గొట్టాలే వాడాలన్న పట్టుదల అందుకే. యాంటీబాడీ ఎంత మంచిదైనా గొట్టం గోడకు అంటుకుపోయినదాన్ని లెక్కపెట్టలేదు కదా.

కణాల లోపలి చిక్కుపోగుల్లో ఉండే టౌ కథ మరో రకం. 1986లో గ్రుండ్కె-ఇక్బాల్ బృందం టౌ-1 అనే యాంటీబాడీతో చిక్కుపోగులను చూస్తే అంతంతమాత్రంగానే కనిపించాయి. ఫాస్ఫేట్లను తొలగించే ఎంజైమ్‌తో కడిగి చూస్తే చాలా పోగులు బయటపడ్డాయి. అంటే ఆ టౌ మీద ఫాస్ఫేట్లు కప్పేసి ఉన్నాయన్నమాట. జబ్బు గురించిన అంత పెద్ద సంగతి యాంటీబాడీ పట్టుకోలేకపోవడం వల్లే తెలిసింది. తర్వాత ఫాస్ఫేట్ ఉన్న చోటునే పట్టే యాంటీబాడీలు వచ్చాయి. బెల్జియంలో ఏటీ8, ఏటీ270 తయారయ్యాయి. అమెరికాలో పీటర్ డేవిస్ తన ల్యాబ్‌లో చేసిన పీహెచ్‌ఎఫ్-1 లాంటివాటిని అడిగిన పరిశోధకులకు పంచిపెట్టేవాడు. ఈ రంగం ముందుకు కదలడంలో ఆ ఉదారత పాత్ర తక్కువేం కాదు. ఏటీ270 పట్టుకునే, టౌ గొలుసులోని 181వ చోటే వెన్నునీటి పరీక్షల్లో ఏళ్ల తరబడి ప్రమాణంగా నడిచింది.

వెన్నులో సూది గుచ్చకుండా రక్తంలోనే చూద్దామంటే పరిమాణం మరీ తక్కువ, మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో. 2010 ప్రాంతంలో వచ్చిన సిమోవా పద్ధతి అణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇందులో ఒక యాంటీబాడీ పట్టి ఆపుతుంది, రెండోది ఇంకో చోట పట్టి మెరుస్తుంది. 2020లో స్వీడన్ పరిశోధకుల నాయకత్వంలో జరిగిన అధ్యయనం, రక్తంలోని పీ-టౌ217 అల్జీమర్స్‌ను ఇతర మెదడు జబ్బుల నుంచి బాగా వేరుచేస్తుందని చూపింది. 181 స్థానంలో 217 వచ్చి కూర్చుంది.

ఈలోగా యాంటీబాడీల నాణ్యత మీదే అనుమానాలు మొదలయ్యాయి. టౌ జన్యువే లేని ఎలుకల మీద 2014లో పరీక్షిస్తే, కొన్ని టౌ యాంటీబాడీలు అక్కడ కూడా బ్యాండ్ (ప్రోటీన్లను బరువును బట్టి విడదీసినప్పుడు కనిపించే చార) చూపించాయి. కొన్నిసార్లు ఆ బ్యాండ్ ఎలుక సొంత యాంటీబాడీలోని బరువైన గొలుసుది. దాని బరువు కూడా టౌ బరువుకు దగ్గరగా, 50 కిలోడాల్టన్ల ప్రాంతంలోనే ఉంటుంది. 2023లో యాంటీబాడీల నాణ్యతను పరీక్షించే వైకారోస్ బృందం నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రోటీన్లకు 600కు పైగా వాణిజ్య యాంటీబాడీలను, ఆ ప్రోటీన్ లేని కణాలతో పోల్చి మరీ పరీక్షించింది. అసలు లక్ష్యాన్నే గుర్తించనివి వాటిలో చాలా ఉన్నాయి. అలాంటివాటితో అచ్చయిన పత్రాలూ తక్కువేం లేవు.

ఎఫ్‌డీఏ అనుమతి కూడా జ్ఞాపకశక్తి సమస్యలు కనిపిస్తున్న, 55 ఏళ్లు దాటిన వాళ్లకే. లక్షణాలేవీ లేనివాళ్లు ముందుజాగ్రత్తగా చేయించుకోవడానికి కాదు. పీ-టౌ217ను కొలిచే కిట్లు ఇప్పుడు పలు కంపెనీలవి ఉన్నాయి. ఒక్కోదానిలో యాంటీబాడీల జత వేరు, అంకెలు వేరు, పాజిటివ్‌నూ నెగెటివ్‌నూ వేరుచేసే గీత గీసే చోటు వేరు. ఒక కిట్‌తో వచ్చిన అంకెను ఇంకో కిట్ గీత పక్కన పెట్టి చూడటానికి లేదు. ఇక కేటలాగ్‌లో అమ్మే యాంటీబాడీ సీసాల మీద మామూలుగా కనిపించే మాట ఒకటే: పరిశోధనకు మాత్రమే.