రోబోలు బాగుచేసే పని: రాయగడలో నేను వినే అపోహలు

ఒడిశాలోని రాయగడలో టెక్నీషియన్లకు ఆటోమేషన్ నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఆసుపత్రిలో మందులు మోసే బండి, మాల్‌లో నేల తుడిచే రోబో, హోటల్లో దానంతట అదే తెరుచుకునే తలుపు, లిఫ్టు చెడిపోతే బాగుచేసే పని మాది. అడ్మిషన్ల సమయంలో తల్లిదండ్రులు ప్రతిసారీ ఇవే అడుగుతారు.

అపోహ: "ఏటి మాస్టారూ, ఇది బీటెక్ వాళ్ల పని కదా? మావాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్."

వాస్తవం: 1968లో జనరల్ మోటార్స్ తన ఫ్యాక్టరీలో రిలే ప్యానెళ్ల (కరెంటుతో పనిచేసే స్విచ్చులు వైర్లతో కలిపి బిగించిన బోర్డుల) బదులు వేరే కంట్రోలర్ కావాలని అడిగింది. కారు మోడల్ మారినప్పుడల్లా వైరింగంతా విప్పి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చేది మరి. డిక్ మోర్లీ బృందం చేసిన మోడికాన్ 084 అనే పీఎల్‌సీ, అంటే ప్రోగ్రాం మార్చి మెషీన్లను నడిపించే కంట్రోలర్, అలా వచ్చింది. దాని ల్యాడర్ ప్రోగ్రాం (నిచ్చెన మెట్లలా గీసే ప్రోగ్రాం) రిలే డయాగ్రామ్‌లాగే ఉంటుంది, ఎలక్ట్రీషియన్లు చూడగానే అందుకోవాలని. మోటార్ స్టార్టర్‌లో హోల్డింగ్ కాంటాక్ట్ (బటన్ వదిలినా మోటార్ నడుస్తూ ఉండేలా చేసేది) ఎందుకో చెప్పగలిగిన కుర్రాడికి ల్యాడర్ మొదటి పాఠం వచ్చేసినట్టే.

అపోహ: కోడింగ్ వస్తే చాలు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. మా పనిలో ఎక్కువ భాగం తప్పు ఎక్కడుందో వెతకడమే. ఒక ఆసుపత్రిలో మందుల బండి రోజూ ఒకే వరండాలో ఆగిపోయేది. సాఫ్ట్‌వేర్ రెండుసార్లు మళ్లీ ఎక్కించినా అంతే. మా కుర్రాడు అక్కడి ఆయమ్మను "ఏ టైముకి ఆగుతోందమ్మా?" అని అడిగాడు. సాయంత్రం నాలుగు దాటాక, అందావిడ. పడమటి కిటికీలోంచి ఎండ సూటిగా కెమెరా మీద పడి, లేని అడ్డాన్ని చూపిస్తోంది. కర్టెన్ కట్టారు, బండి నడిచింది. గాజు తలుపులదీ ఇదే గోల. లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) కాంతి గాజులోంచి దూరిపోతుంది కాబట్టి, మ్యాపులో అక్కడ మనమే గీత గీసి ఆపాలి.

ఎమర్జెన్సీ స్టాప్ బటన్ కాంటాక్ట్ మామూలుగా మూసే (కరెంటు పారుతూనే) ఎందుకుంటుందో మొదటి వారమే నేర్పుతాను. వైరు తెగినా మెషీన్ ఆగాలి కాబట్టి. "కస్టమర్ తొందరపెడుతున్నాడు, సేఫ్టీ సెన్సర్‌కి జంపర్ వేసేద్దాం" అనేవాణ్ణి, అంటే సెన్సర్‌ను తప్పించి అడ్డవైరు వేద్దామనేవాణ్ణి, నేను సైటుకి పంపను. తలుపుల మధ్య పసిపిల్ల చెయ్యి ఉండొచ్చు.

అపోహ: ఇంగ్లీషు రాకపోతే కుదరదు.

వాస్తవం: ఎర్రర్ కోడు, మాన్యువల్ చదివి, చిన్న సర్వీసు రిపోర్టు రాసేంత వస్తే చాలు. అది ఆరు నెలల్లో వస్తుంది.

అపోహ: రోబో వస్తే ఆయాలు, స్వీపర్లు ఇంటికే.

వాస్తవం: కొంత పని తగ్గుతుంది, అది దాచను. కానీ నేల తుడిచే మెషీన్ మెట్లెక్కదు, బాత్రూం మూలలకు వెళ్లదు. దాని మురికి నీళ్ల ట్యాంకు రోజూ ఎవరో కడగాలి, సెన్సర్లు తుడవాలి, బ్రష్షులో చుట్టుకున్న వెంట్రుకలు తీయాలి. అందుకే హౌస్‌కీపింగ్ వాళ్లను కూడా క్లాసుకి పిలుస్తున్నాను. మొన్నటి బ్యాచ్‌లో ఒక అక్క వచ్చింది. నేలమీద నీటి చార చూసి, వెనక రబ్బరు ఒకవైపు అరిగిందని మాకంటే ముందే చెప్పింది. కరెంటు కొలిచే మల్టీమీటర్ పట్టుకోవడం ఇప్పుడు నేర్చుకుంటోంది.