ఓడ ఆగేది పది గంటలు, చేతికొచ్చేది ఏడు: జెనోవా గురించి అపోహలు - వాస్తవాలు

మధ్యధరా క్రూజ్ బుక్ చేసుకున్న మనవాళ్ళు ఇటలీ రేవు జెనోవా గురించి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఓడ పొద్దున ఎనిమిదికి వస్తుంది, సాయంత్రం ఆరుకి కదులుతుంది. పది గంటలుంది కదా, చింక్వె తెర్రె చూసి వచ్చేయొచ్చా?" చింక్వె తెర్రె అంటే సముద్రం ఒడ్డున కొండల అంచున ఉన్న ఐదు ఊళ్ళు. ఆ ప్రశ్న వెనకే రెండోది: "జెనోవాలో ఏముంటుందండీ, ఉత్త రేవే కదా?" రెండోదాన్ని నమ్మబట్టే మొదటిది పుడుతుంది. రోజులు ఎక్కువగా పాడయ్యేది ఈ రెండింటి వల్లే. అందుకని ముందు వీటి సంగతి తేల్చి, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: పది గంటల్లో చింక్వె తెర్రెనో పోర్తోఫీనోనో చూసి రావచ్చు

లెక్క వేయండి. ఎనిమిదికి ఓడ రేవుకి చేరితే, కిందికి దిగే వరస దాటి బయట పడేసరికి తొమ్మిది. ఆరుకి కదిలే ఓడకి ఆల్ అబోర్డ్, అంటే అందరూ ఎక్కేసి ఉండాల్సిన గడువు, అరగంట నుంచి గంట ముందు ఉంటుంది, ఐదు అనుకోండి. దానికీ ఒక గంట ముందే రేవు దగ్గరికి చేరేలా చూసుకోవాలి. అంటే తొమ్మిది నుంచి నాలుగు. ఏడు గంటలు.

ఇందులోంచి రైలు ఎంత తింటుందో చూడండి. క్రూజ్ ఓడలు ఆగే స్తాత్సియోనె మారిత్తిమా నుంచి ప్రిన్చిపె స్టేషన్‌కి నడక పది, పదిహేను నిమిషాలు. టికెట్, ప్లాట్‌ఫారం వెతుకులాట, రైలు కోసం ఎదురుచూపు కలిపి అరగంట. అక్కడినుంచి చింక్వె తెర్రెలో మొదటి ఊరు మొంతెరోస్సోకి రైలుని బట్టి గంటంబావు నుంచి గంటన్నర పైమాటే. కొన్నిసార్లు మధ్యలో రైలు మారాలి కూడా. రానూ పోనూ నాలుగు గంటలు పోయాయి. మిగిలిన మూడు గంటల్లో ఐదు ఊళ్ళు కాదు కదా, రెండు చూస్తే గొప్ప. ఆ చూడటం కూడా గడియారంలో ఒక కన్ను పెట్టుకునే.

పోర్తోఫీనో అనే చిన్న రేవు ఊరు దగ్గరే కదా అంటారు. దగ్గరే, కానీ అక్కడికి రైలు లేదు. సాంతా మార్గెరీతా దాకా రైల్లో వెళ్ళి, అక్కడ బస్సో పడవో ఎక్కాలి. సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే ఆ సన్న రోడ్డు మీద వేసవిలో బస్సు ఎప్పుడు చేరుతుందో డ్రైవరుకే తెలియదు.

ఇంకొకటి, రీల్స్‌లో ఎవరూ చెప్పనిది. ఇటలీలో రైళ్ళ సమ్మెలు మామూలు. సమ్మెని అక్కడ 'షోపెరో' అంటారు, ఆ మాట గుర్తుపెట్టుకోండి. సమ్మె రోజున కూడా పనిదినాల్లో ప్రాంతీయ రైళ్ళు కొన్ని ఖాయంగా నడిచే వేళలున్నాయి: ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9. చూశారా తిరకాసు? పొద్దున వెళ్ళడానికి రైలు దొరికినా దొరుకుతుంది. మధ్యాహ్నం మూడింటికి తిరిగి రావడానికి మాత్రం హామీ లేదు.

ఓడవాళ్ళ సొంత టూరులో వెళ్తే బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. మీ అంతట మీరు వెళ్తే ఆగదు. తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరు చేరుకోవాలి, పాస్‌పోర్టు కాబిన్‌లో ఉండిపోతే అదొక తలనొప్పి. ఇంత చెప్పినా "మా తోడల్లుడు వెళ్ళొచ్చాడండీ" అనేవాళ్ళుంటారు. వెళ్ళొచ్చే ఉంటారు. రైళ్ళన్నీ వేళకి నడిచిన రోజుని చూసి ప్లాన్ వేసుకోకూడదు. రాత్రి జెనోవాలో బస ఉంటే మాత్రం మర్నాడు నిక్షేపంగా చింక్వె తెర్రె వెళ్ళి రండి, ఎవరొద్దన్నారు?

అపోహ: జెనోవాలో చూడటానికేం లేదు

పాత ఊరు మొత్తం రేవుకి ఆనుకునే ఉంది. ఓడ దిగి, చూడాల్సినవన్నీ చూసి, మళ్ళీ ఓడెక్కేదాకా నడక నాలుగైదు కిలోమీటర్లు. కాకపోతే వరస ముఖ్యం. ఎక్కువమంది తలకిందులుగా మొదలుపెట్టి, సాన్ లొరెన్జో కథీడ్రల్ ముందు మూసిన తలుపులు చూస్తూ నిలబడతారు. ఇక్కడి చర్చిలు చాలావరకు పన్నెండుకి మూసేసి మూడుకి తెరుస్తారు. అందుకే చర్చి ముందు, రేవు ఆఖరున.

ప్రిన్చిపెలో మెట్రో ఎక్కండి. ఊరికి ఉన్నది ఒకటే లైను, తప్పిపోయే సమస్య లేదు. రెండో స్టాప్ సాన్ జోర్జోలో దిగి, వియా సాన్ లొరెన్జో మీదుగా పైకి ఐదు నిమిషాలు నడిస్తే నలుపు తెలుపు చారల రాతి గోడల కథీడ్రల్. లోపల కుడివైపు నడవలో ఒక పెద్ద ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద గుండ్లు కురిపించినప్పుడు కప్పు చీల్చుకుని లోపలికొచ్చి పేలకుండా పడిపోయిన గుండు అది. పక్కనుంచే వెళ్తూ చూడనివాళ్ళే ఎక్కువ.

అక్కడినుంచి దె ఫెర్రారి ఫౌంటెన్, ఐదు నిమిషాల పక్కదారిలో పోర్తా సొప్రానా కోట గుమ్మం చూసుకుని, పదకొండుంబావుకల్లా వియా గారిబాల్ది చేరండి. ఈ వీధి పొడవు దాదాపు 250 మీటర్లే, కానీ ఊరికి ప్రాణం ఇదే. 16వ శతాబ్దంలో బ్యాంకింగ్‌తో కోట్లకి పడగలెత్తిన కుటుంబాలు వరసగా కట్టుకున్న మహళ్ళివి. రాజ్యానికి విదేశీ అతిథులొస్తే దింపడానికి వేరే అతిథిగృహం లేదు. 1576 నుంచి ఈ మహళ్ళని హోదాల వారీగా జాబితాలకెక్కించి, వచ్చినవాళ్ళ స్థాయిని బట్టి చీటీ తీసి, ఎవరి పేరొస్తే వాళ్ళింట్లో బస ఏర్పాటు చేసేవారు. ఆ జాబితాలే 'రోల్లి'. వాటిలోని 42 భవనాలు 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. ఈ వీధిలో మ్యూజియంలుగా మారిన మహళ్ళు రోస్సో, బియాంకో, తుర్సి మూడింటికీ కలిపి ఒకటే టికెట్, గంటన్నర చాలు. బియాంకోలో చిత్రకారుడు కరవాజ్జో చిత్రం, తుర్సిలో వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన 1743 నాటి వయొలిన్ 'కన్నోనె' చూడండి. సోమవారం మాత్రం ఈ మ్యూజియంలు మూత. మీ ఓడ సోమవారం వస్తే మహళ్ళ ముంగిళ్ళు బయటినుంచి చూసి ముందుకి సాగడమే.

వీధి వెనకే పియాజ్జా పోర్తెల్లో. సొరంగంలోంచి లోపలికి నడిచి, 1909 నుంచి నడుస్తున్న లిఫ్టు ఎక్కితే కాస్తెల్లెత్తో మీద తేలతారు. పలకరాళ్ళు కప్పిన బూడిదరంగు కప్పులు, కథీడ్రల్ చారల గోపురం, దూరాన లాంతెర్నా దీపస్తంభం, కింద మీ ఓడ. పెద్దవాళ్ళని వెంట తెచ్చుకుని "మెట్లెక్కలేరేమో" అని బెంగపడేవాళ్ళకి చెప్పేదొకటే: ఈ ఊరు లిఫ్టుల ఊరు, ఇక్కడివాళ్ళు కూరగాయల సంచితో లిఫ్టెక్కి ఇంటికెళ్తారు. మోకాళ్ళ నొప్పులున్నా ఈ చూపు దక్కుతుంది.

ఒంటిగంటన్నరకి దిగి రేవు ముందున్న సొత్తోరిపా కమాన్ల కింద భోజనం, తర్వాత పోర్తో అంతీకో, అంటే పాత రేవు. రెండింటికీ మధ్యలోనే రంగురంగుల బొమ్మలు వేసిన గోడలతో పలాజ్జో సాన్ జోర్జో ఉంది. 1298లో జెనోవావాళ్ళకి చిక్కిన మార్కో పోలోని ఇక్కడే బంధించారని చెప్పుకుంటారు. తోటి ఖైదీ రుస్తికెల్లోకి ఆయన చెప్పి రాయించిన పుస్తకంలో 'ముత్ఫిలి' అనే రేవు ఉంది. అది మన మోటుపల్లే. వజ్రాలు, సాలెగూడంత సన్నటి బట్టలు, న్యాయంగా పాలించే రాణి అని వర్ణించిన ఆ రాణిని చరిత్రకారులు రుద్రమదేవిగా గుర్తించారు. ఇక్కడ తెలుగువాళ్ళు రెండు నిమిషాలు ఆగినా తప్పులేదు.

అక్కడినుంచి నీళ్ళ వెంటే నడుచుకుంటూ దార్సేనా అనే పాత ఓడల డాక్ దాటితే మళ్ళీ ఓడే. నాలుగవుతుంది.

అపోహ: సందుల్లోకి వెళ్తే దోచేస్తారు, లేదా తప్పిపోతారు

కరుజ్జి అంటే పాత ఊరి ఇరుకు సందులు. పగటిపూట జనంతో కిటకిటలాడుతుంటాయి. జేబుదొంగల జాగ్రత్త ఏ ఊళ్ళో అయినా ఉండేదే. చీకటి పడ్డాక వియా ప్రె, మద్దలేనా వైపు పనిలేకుండా తిరగకండి, అంతే.

తప్పిపోవడం సంగతి వేరు. ఆరేడంతస్తుల ఇళ్ళ మధ్య చేతులు చాపితే రెండు గోడలూ తగిలే సందులో ఫోన్ జీపీఎస్ నీలం చుక్క పిచ్చిపట్టినట్టు దూకుతుంది. దాన్ని నమ్మకండి. నేల వాలు చూడండి, పల్లానికి నడిస్తే రేవు వచ్చేస్తుంది.

చాలామందిని తిప్పలు పెట్టేది మరొకటుంది, ఇంటి నంబర్లు. జెనోవాలో వాటికి రెండు వరసలు: ఇళ్ళకి నల్ల అంకెలు, దుకాణాలకి ఎర్ర అంకెలు. ఎర్రవాటికి పక్కన 'ఆర్' అని ఉంటుంది. 35, 35ఆర్ ఒకే వీధిలో రెండు వేర్వేరు చోట్లు. మ్యాప్‌లో 'ఆర్' కొట్టకుండా వెతికి, ఎవరింటి గుమ్మం ముందో నిలబడి "హోటల్ మూసేశారు" అనుకుని వెనక్కి వచ్చేవాళ్ళకి కొదవలేదు.

అపోహ: శాకాహారులకి పిజ్జా తప్ప గతి లేదు

ఫరినాతా ఉంది. శనగపిండి, దానికి సుమారు మూడింతలు నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. పిండి కలిపి గంటల తరబడి నాననిచ్చి, పైన తేలిన నురగ తీసేసి, కళాయి పూసిన వెడల్పాటి రాగి పళ్ళెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన గోధుమరంగు పొర, లోపల మెత్తన, మీద మిరియాల పొడి. మన శనగపిండి అట్టుకి దగ్గరి చుట్టం. పొయ్యిలోంచి తీయగానే తినాలి. చల్లారిందా, అట్టముక్కే. గాజు వెనక ఎప్పటిదో ముక్క కనిపిస్తే వద్దనండి, తర్వాతి పళ్ళెం దాకా ఆగండి. కొన్నిచోట్ల చిన్నచేపలు వేసిన రకం కూడా కాలుస్తారు, 'సెంప్లిచె' అంటే ఉత్తిదే ఇస్తారు.

ఇక్కడి పచ్చటి పచ్చడి పెస్తో శాకాహారమే అనుకుంటారు. తులసి కుటుంబపు బాసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, నూనె, ఉప్పు వరకూ సరే. మిగిలిన రెండూ పర్మెజాన్, పెకొరీనో జున్నులు. పర్మెజాన్‌ని దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తోనే తోడుపెట్టాలని దాని నిబంధన. నిష్ఠగా ఉండేవాళ్ళు తెలిసి నిర్ణయించుకోండి. 'వెర్దూరె రిపియెనె' అనే కూరిన కూరగాయలతో ఇంకా జాగ్రత్త. చూడటానికి గుత్తివంకాయలా అమాయకంగా ఉంటుంది, లోపల తరచుగా మోర్తదెల్లా మాంసం ఉంటుంది. అడగాల్సిన మాట: 'సెన్జా కార్నె, సెన్జా పేషె', మాంసం లేకుండా, చేప లేకుండా. భోజనం రెండున్నర లోపు ముగించండి. ఆ తర్వాత చాలా వంటిళ్ళు రాత్రి దాకా పొయ్యి ఆర్పేస్తాయి.

ఇక మిగతావి.

కొలంబస్ పుట్టిన ఇల్లు అని పోర్తా సొప్రానా పక్కన చూపించేది అసలుది కాదు. 1684లో ఫ్రెంచి నౌకల దాడిలో అది పోయింది, ఇది 18వ శతాబ్దంలో మళ్ళీ కట్టింది. బయట ఫోటో చాలు.

అక్వేరియం తప్పక చూడాలా? పిల్లలుంటే చూడండి. రెండున్నర, మూడు గంటలు తింటుంది, అంటే వియా గారిబాల్ది వదులుకున్నట్టే.

ప్రాంతీయ రైలు కాగితం టికెట్ కొంటే సరిపోదు, ఎక్కేముందు మిషన్లో పెట్టి ముద్ర వేయించాలి. ఫోన్ టికెట్ అయితే చెక్-ఇన్ నొక్కాలి. 'మాకు తెలీదు' అంటే జరిమానా తగ్గదు.

జెనోవా వేరు, జెనీవా వేరు. నవ్వకండి, విమానం టికెట్లు తప్పు కొన్నవాళ్ళున్నారు. జెనోవా కోడ్ జీఓఏ, జెనీవాది జీవీఏ. ఇటలీ రైల్వే సైట్లో 'జెనోవా' అనే కొట్టండి, జెనీవాని వాళ్ళు 'జినెవ్రా' అంటారు. క్రూజ్ టికెట్ మీద 'సవోనా' అని ఉంటే అది పడమట వేరే ఊరు, ఈ ప్లాన్ అక్కడ పనికిరాదు.

ఆఖరుది అమెరికాలో ఉండే మనవాళ్ళకి. గ్రీన్ కార్డు ఉంటే ఇటలీకి వీసా అక్కర్లేదన్నది వాట్సాప్ మాట. పాస్‌పోర్టు ఇండియాది అయితే గ్రీన్ కార్డున్నా, హెచ్-1బీ ఉన్నా షెంగెన్ వీసా (ఇటలీతో సహా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) కావాల్సిందే. ఓడ మధ్యలో ట్యునీషియాకో, టర్కీకో, మాంటెనెగ్రోకో వెళ్ళి మళ్ళీ ఇటలీకి వస్తే మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. మీ ఓడ ఆగే రేవులన్నీ వరసగా ఒక కాగితం మీద రాసి, షెంగెన్ గీత ఎన్నిసార్లు దాటుతున్నారో లెక్కపెట్టాకే వీసా ఫారం నింపండి.