సాక్సఫోన్ వాయించినదానికి మాటలు కడితే: జాజ్ బ్లూస్ పాటపై అపోహలు - వాస్తవాలు

నేను నేర్చుకున్నది కర్ణాటక సంగీతం. ఎనిమిదేళ్లుగా పాడుతున్నది మాత్రం జాజ్. ప్రోగ్రాం అయ్యాక నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ వోకలీజ్ గురించే. అంటే వాయిద్యం మీద పుట్టిన వరసకి మాటలు కట్టి పాడటం.

అపోహ: అది స్కాటింగే కదా!

కాదండీ. స్కాట్‌లో అర్థం లేని అక్షరాలతో అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాం, కల్పనస్వరం పాడినట్టు. వోకలీజ్‌లో అల్లడానికేమీ ఉండదు. ఒకరు రికార్డులో వాయించిన సోలోని యథాతథంగా పట్టుకుని, దాని స్వరాల మీద మాటలు కూర్చి, అలాగే పాడాలి. 1949లో వార్డెల్ గ్రే టెనర్ సాక్సఫోన్ మీద రికార్డు చేసిన 'ట్విస్టెడ్'కి 1952లో యానీ రాస్ మాటలు రాసి పాడింది. ఆయనకి ఆ పూట తోచింది ఆమెకి కంఠతా పట్టాల్సిన పాఠమైంది.

అపోహ: బ్లూస్ అంటే ఏడుపు పాట.

'ట్విస్టెడ్' కూడా బ్లూసే. అందులో ఉన్నదేమో తనకి మతి చెడిందన్న డాక్టరుని ఆటపట్టించే అమ్మాయి. జాజ్‌లో బ్లూస్ అనేసరికి ముందు గుర్తొచ్చేది దాని కొలత: నాలుగేసి దెబ్బల బార్లు పన్నెండు. మొత్తం 48 దెబ్బలు. ఆదితాళం వేసుకుంటే ఆరు ఆవర్తనాలు. అయిదో బార్‌లో కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) మధ్యమం మీదికి వెళ్తాయి, ఏడో బార్‌కి షడ్జం మీదికి తిరిగొస్తాయి, తొమ్మిదో బార్ నుంచి ముగింపు వైపు నడక మొదలవుతుంది. ఈ లెక్క లోపల నడుస్తూనే ఉండాలి. ఒకసారి ఒక జామ్‌లో, అంటే అందరూ కలిసి అప్పటికప్పుడు వాయించుకునే చోట, మాటలు మర్చిపోతానేమోనన్న టెన్షన్‌లో నేను రెండు బార్లు వెనకబడ్డాను. పియానో ముగింపుకొచ్చేసింది, నేనింకా మధ్యలో ఉన్నాను. డ్రమ్మర్ నవ్వుతున్నాడు.

అపోహ: అక్షరాల లెక్క సరిపోతే మాటలు కుదిరినట్టే.

సినిమా పాటల్లో ట్యూన్‌కి రాయడం మనకి అలవాటే కాబట్టి ఇది తేలికనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, నాలుగు స్వరాల ఎత్తుగడకి సరదాగా తెలుగులో 'తడిసిన' అని పెట్టాను. నాలుగు స్వరాలు, నాలుగు అక్షరాలు. పాడి చూస్తే 'తాడిసీన' అని వినిపించింది. స్వింగ్ అనే జాజ్ నడకలో జంట స్వరాలు సమానంగా ఉండవు: మొదటిది సాగుతుంది, రెండోది పొట్టిది. మధ్యస్థ వేగంలో దాదాపు రెండుకి ఒకటి, అంటే దెబ్బని మూడు భాగాలు చేసే త్రిశ్ర గతి. అప్పుడు స్కూల్లో చదివిన ఛందస్సు గుర్తొచ్చింది. గురువు, లఘువు: హగణం! 'తడిసిన' తీసేసి 'రాత్రి వేళ' అని పెట్టాను. రెండు హగణాలు, కొలిచి కుట్టినట్టు కూర్చున్నాయి. హగణాలతో నడిచే ఆటవెలది పద్యం ఇలా పనికొస్తుందని మా తెలుగు మాస్టారు కూడా ఊహించి ఉండరు. అయితే వేగం పెరిగేకొద్దీ ఆ జంట స్వరాలు సమానమవుతూ వస్తాయి, అక్కడ మళ్లీ 'తడిసిన' లాంటివే నయం.

ఊపిరి సంగతి ఇంకోటి. సాక్సఫోన్ వాయించేవాడూ ఊపిరి తీసుకోవాలి కాబట్టి ఆ సోలోలో మనకీ సందు దొరుకుతుంది. పియానో, గిటార్ సోలోలకి ఆ అవసరం లేదు. అందుకే కొత్తవాళ్లని సాక్సఫోన్, ట్రంపెట్‌లతోనే మొదలుపెట్టమంటాను. పై స్థాయి స్వరం మీద 'ఆ' వచ్చేలా మాట చూసుకోండి, చాలామందికి అక్కడ 'ఈ' గొంతు నొక్కేస్తుంది. వేగంగా పోయే చోట 'అట్ట', 'చుక్క' లాంటి ద్విత్వాలు పెడితే గాలి ఆగి వరస తెగుతుంది.

అపోహ: కర్ణాటక సంగీతం వస్తే ఇదెంత పని!

సగం నిజం. స్వరం పాడి అదే వరసకి సాహిత్యం పాడటం స్వరజతిలో మనం చేసేదే. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండ్ ట్యూన్‌లకి సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేశారు. బ్రిటిష్ జాతీయగీతం వరసలో ఉన్న 'సంతతం పాహిమాం' అలాంటిదే.

మిగతా సగం దగ్గరే చిక్కు. జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్ కట్టిన 'బ్లూ మంక్' చూడండి, దానికి మాటలు రాసి 1961లో పాడింది గాయని ఆబీ లింకన్. ఎత్తుగడే అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పంచమం, వరసగా. రెండు మధ్యమాలు పక్కపక్కనే! నా గొంతు అలవాటు కొద్దీ శుద్ధ మధ్యమాన్ని ఊపేసేది, దాంతో ప్రతి మధ్యమం అందులో కలిసిపోయేది. మెట్టు మెట్టుకీ అడుగు ఆనించి ఎక్కడానికి నాకు నెలలు పట్టింది. చేతి తాళం కూడా మార్చుకోవాలి, ఇక్కడ చప్పట్లు ఒకటీ మూడు మీద కాదు, రెండూ నాలుగు మీద.

అపోహ: రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాడాలి.

అక్కర్లేదు. ఆ శ్రుతి చాలాసార్లు సాక్సఫోన్ వీలు కోసం ఎంచుకున్నది. మీ శ్రుతి ఏదో బ్యాండ్‌కి ముందే చెప్పండి, వేదిక ఎక్కాక కాదు.

అపోహ: మాటలు నావే కదా, ఎవరినీ అడగక్కర్లేదు.

మాటలు మీవే, వరస మీది కాదు. కాపీరైట్ ఉన్న ట్యూన్‌కి కొత్తగా మాటలు రాసి రికార్డు విడుదల చేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. అమెరికాలో మామూలు కవర్ లైసెన్స్, అంటే ఉన్న పాటని ఉన్నట్టుగా మళ్లీ రికార్డు చేసుకునే అనుమతి, దీనికి చాలదు. నా 'రాత్రి వేళ' ఇంకా ఇంట్లోనే ఉన్నది అందుకే.