గుడ్డు తప్పిన పెట్ట గొడ్డుది కాదు: పెరటి కోళ్లపై అపోహలు - వాస్తవాలు

దేవరకొండ చుట్టుపక్కల పశువుల దవాఖానల్లో పనిచేస్తూ నేను మళ్లీ మళ్లీ విన్న మాట ఇది: "ఇది గొడ్డుపెట్ట సారూ, అంగడిలో అమ్మేస్తా." చూస్తే దానికి ఏడు నెలలు కూడా నిండి ఉండవు. నాలుగైదు గుడ్లు పెట్టి, తర్వాత ఒకరోజు పెట్టి రెండు రోజులు మానేసి ఉంటుంది. ఆ మాత్రానికే అది కోతకు పోతుంది. ఆరు నెలలు మేపి, గద్దల నుంచి, కుక్కల నుంచి కాపాడుకొని, తీరా గుడ్లకు వచ్చే వేళకు కూర ధరకు వదిలేసుకుంటారు. పెరటి కోళ్లలో రోగాల తర్వాత ఎక్కువ నష్టం ఈ తొందరతోనే అని నా అనుభవం.

అపోహ: మంచి పెట్ట అయితే రోజూ గుడ్డు పెట్టాలి

ఏ కోడీ అలా పెట్టదు. ఒక గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. అందుకే ఈరోజు పొద్దున 8 గంటలకు పెట్టిన పెట్ట రేపు 9 దాటాక పెడుతుంది, ఎల్లుండి ఇంకా ఆలస్యం చేస్తుంది. గుడ్డు పెట్టిన సుమారు అరగంటకు తర్వాతి సొన విడుదల కావాలి. పెట్టే సమయం మధ్యాహ్నం దాటిపోతే ఆ పూట సొన విడుదల కాదు, మర్నాడు గుడ్డు ఉండదు. ఇది రోగం కాదు, కోడి ఒళ్లు నడిచే తీరే అంత.

కొత్తగా గుడ్లకు వచ్చిన పెట్టలో ఈ వరస ఇంకా కుదిరి ఉండదు. ఆడపిల్లలకు మొదట్లో నెలసరి వెనకా ముందూ అయినట్టే ఇదీ అని చెబితే అమ్మలకు వెంటనే అర్థమవుతుంది. మొదటి నెల, నెలన్నర పాటు పిట్ట గుడ్డంత చిన్నవి, రెండు సొనలవి, పెంకు గట్టిపడని తోలుగుడ్లు, పెంకు మీద నెత్తుటి చారతో వచ్చేవి, అన్నీ కనిపిస్తాయి. పెట్ట హుషారుగా తింటూ తిరుగుతుంటే టెన్షన్ పడకండి.

ఇంకో సంగతి. నాటు పెట్ట 12-15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, పిల్లలతో రెండు మూడు నెలలు తిరిగాకే మళ్లీ గుడ్లకు వస్తుంది. అందుకే ఏడాదికి 50-60 గుడ్లే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రంలో తయారైన వనరాజా, గ్రామప్రియ కోళ్లకు పొదుగు ఆశ తక్కువ, అవి వంద దాటి పెడతాయి. పక్కింటి గ్రామప్రియతో మీ నాటుపెట్టను పోల్చి తిట్టుకోవద్దు. వనరాజాకు మాత్రం గింజలు అతిగా వేస్తే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి.

అపోహ: గుడ్డు ఇంజెక్షన్ వేస్తే పెడుతుంది

అలాంటి ఇంజెక్షన్ లేదు. ఎవరో చెప్పారని మందుల షాపులో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కొని నీళ్లలో కలిపేవాళ్లను చూస్తుంటే నాకు కోపం వస్తుంది. ఆ మందు గుడ్డులోకి దిగుతుంది, దాన్ని తినేది మీ పిల్లలే.

అపోహ: గుడ్లు కనబడటం లేదంటే పెట్టడం ఆగిపోయినట్టే

చందంపేట వైపు తండాలో ఒక అమ్మ పెట్టను సంచిలో వేసుకొని దవాఖానకు వచ్చింది. గుడ్లు పక్కింటోళ్లు ఎత్తుకుపోతున్నారని వాళ్లతో మాటలు కూడా మానేసింది. కడుపు తడిమి చూస్తే లోపల గుడ్డు చేతికి తగిలింది. "అమ్మా, రేపు పొద్దున దీన్ని గంప కింద మూసి, 11 దాటాక వదులు. ఎటు పోతుందో వెనకాలే చూడు" అని పంపాను. ఇంటి వెనక పత్తికట్టె కుప్ప కింద డజనుకు పైగా గుడ్లు దొరికాయి. ఆ సాయంత్రమే పక్కింటికి వెళ్లి మాట్లాడానని తర్వాత చెప్పింది. గడ్డివాము, కట్టెల మోపు, పాత గంపలు ముందు వెతకండి. మూలన చీకటిగా ఉన్న చోట గడ్డి పరిచిన గంప పెట్టి అందులో ఒక గుడ్డు వదిలితే పెట్ట అక్కడికే అలవాటు పడుతుంది.

మిగతావి త్వరగా చెప్తాను. గుడ్డుకు పుంజు అక్కర్లేదు, పిల్లలకే కావాలి. పొదుగు మాన్పించడానికి ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం వట్టి హింస. కింద గాలి ఆడే జాలీ బుట్టలో మేత, నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే చాలు. చలికాలంలో మన దగ్గర పగలు 11 గంటలకు కాస్త ఎక్కువ ఉంటుందంతే, వెలుతురు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి. ఎండాకాలం వేడికి మేత తినక తగ్గుతాయి, రొప్పి రొప్పి పెంకు పలచబడుతుంది. నూకలు ఒక్కటే వేస్తే చాలవు. ఆల్చిప్పల పొడో, ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులో వేరే గిన్నెలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) మాత్రం గుడ్లకు రాకముందే మొదలుపెట్టొద్దు, అందులోని కాల్షియం కోడిపిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. బూజు పట్టిన పల్లిచెక్క, మక్కలు పారేయండి.

నిజంగా భయపడాల్సినవి

గుడ్లు ఒక్కసారిగా తగ్గి, పెట్ట ముడుచుకు కూర్చుని, ఆకుపచ్చగా పారుతూ, మెడ తిప్పుతుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. దాన్ని మిగతా కోళ్ల నుంచి వేరు చేసి వెంటనే దవాఖానకు చెప్పండి. అంగడికి మాత్రం తీసుకుపోవద్దు, ఊరంతా అంటుకుంటుంది. ఈ తెగులు రాకుండా వేసే ఆర్‌టూబీ టీకా 8 వారాల వయసులోనే వేయించాలి, గుడ్లు పెట్టేటప్పుడు వేస్తే గుడ్లు తగ్గిపోతాయి.

రెండోది గుడ్డు అడ్డం పడటం. పెట్ట నిటారుగా నిలబడి, తోక ఆడిస్తూ ముక్కుతుంటుంది, గూటికి వెళ్లి ఊరికే వస్తుంది. వేలు పెట్టి లాగొద్దు, లోపల పగిలితే పెట్ట బతకడం కష్టం. గోరువెచ్చని నీళ్లలో పావుగంట కూర్చోబెట్టి, చీకటిగా వెచ్చగా ఉన్న చోట వదలండి. ఒకట్రెండు గంటల్లో గుడ్డు రాకపోతే సంచిలో కుక్కకుండా గంపలో పెట్టి తీసుకురండి.